తల్లినుండి బిడ్డకు వైరసు: పుట్టుకతో వచ్చు రక్షణయు, మనము కల్పింపవలసిన రక్షణయు

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు బిడ్డలలో ఒకరికి తల్లి వ్యాధి సోకుటయు, మరియొకరు ఆరోగ్యముగ పెరుగుటయు కలదు. చికిత్స లేని రోజులలో హెచ్.ఐ.వి. సోకిన తల్లుల విషయమున ఇది తరచుగా కనబడినది. గ్రామములలో దీనికి పలువిధములైన కారణములు చెప్పుకొనెడివారు. కొందరు జాతకమనిరి, కొందరు రక్తదోషమనిరి, పెక్కుమంది తల్లినే నిందించిరి. శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే తీసికొని పరిశోధించగా, దానికి జవాబులో కొంత భాగము తల్లిదండ్రులు బిడ్డకిచ్చు జన్యువులలో కనబడినది. ఆ విషయమును తెలిసికొనుట పంచాయతి సభ్యులకు రెండు విధముల ఉపయోగకరము. తల్లిపై వేయు నింద ఎంత నిరాధారమైనదో దానివలన తెలియును. అదృష్టమును నమ్ముకొని చికిత్సను ఆలస్యము చేయుట ఎంత ప్రమాదమో కూడ దానివలననే తెలియును.

వ్యాధి సోకు మూడు ఘట్టములు

హెచ్.ఐ.వి. బిడ్డకు తల్లినుండి మూడు ఘట్టములలో సోకవచ్చును. మొదటిది బిడ్డ గర్భములో నున్నప్పుడు. తల్లి రక్తమునకును బిడ్డ రక్తమునకును నడుమ మాయ అడ్డుగోడవలె నుండును. సాధారణముగ అది వైరసును ఆపును. కాని ఒక్కొక్కప్పుడు దాటనిచ్చును. రెండవది కాన్పు సమయము. ప్రసవ మార్గములోని రక్తము, స్రావములు బిడ్డకు తగులుటవలన ప్రమాదము అప్పుడు అధికము. మూడవది పాలిచ్చు కాలము.

ఏ చికిత్సయు లేనప్పుడు, పాలివ్వని తల్లుల బిడ్డలలో నూటికి 15 నుండి 30 మందికి ఈ వ్యాధి సోకును. చాలకాలము పాలిచ్చినచో ఈ సంఖ్య 45 వరకు పెరుగవచ్చును. ఈ లెక్కను తిరుగవేసి చూడుడు. ఏ మందును లేకున్నను నూటికి సగముకంటె ఎక్కువమంది బిడ్డలు తప్పించుకొనుచున్నారు. తొమ్మిది నెలలు తల్లి శరీరములోనే యుండి, ఆమె పాలు త్రాగి, ఆమె వ్యాధిని పొందకుండుట సామాన్య విషయము కాదు. వారినెవరు కాపాడుచున్నారు?

తల్లి రక్తములో వైరసు ఎంత మొత్తమున్నది అనునదే అన్నిటికంటె ముఖ్యమైన విషయము. వైరసు హెచ్చుగా నున్నచో ప్రమాదము హెచ్చు. తక్కువగా నున్నచో తక్కువ. అయితే వైరసు ఒకే మోతాదులో నున్న తల్లులలో కూడ కొందరి బిడ్డలకు సోకుటయు, కొందరి బిడ్డలకు సోకకుండుటయు కలదు. ఈ భేదమునకు కారణములు వెదకుచు పోయిన శాస్త్రజ్ఞులకు జన్యువులు కనబడినవి.

శరీరములోని కావలి

మన దేహము కోట్లకొలది కణములతో నిర్మింపబడినది. ప్రతి కణమును తన లోపల తయారగు పదార్థములనుండి చిన్న చిన్న ముక్కలను పైకి తెచ్చి ఉపరితలముపై చూపుచుండును. ధాన్యపు బస్తానుండి వర్తకుడు మచ్చు తీసి చూపు విధముగ దీనిని భావింపవచ్చును. రక్తములో తిరుగు తెల్లకణములలో కొన్ని ఈ మచ్చును పరీక్షించు కావలివారు. చూపిన ముక్క మన శరీరమునకు సంబంధించినదైనచో కావలివారు ఊరకుందురు. అది వైరసుకు సంబంధించినదైనచో ఆ కణమును నాశనము చేయుదురు.

ఈ మచ్చును పట్టి చూపు చేతులవంటి పదార్థములకు హెచ్.ఎల్.ఎ. అని పేరు. ఫ్రాన్సు దేశమునకు చెందిన జాన్ దోసే 1958లో వీనిలో మొదటిదానిని కనుగొనెను. ఆ కృషికి 1980లో ఆయనకు మరి యిద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చిరి. ఒకరి అవయవమును మరియొకరికి అమర్చునప్పుడు వైద్యులు ముందుగా సరిపోల్చి చూచునది ఈ హెచ్.ఎల్.ఎ.నే.

ఈ చేతులను నిర్మించు జన్యువులు ఆరవ క్రోమోసోముపై నున్నవి. మానవజాతిలో వీనికి వేలకొలది రూపములు కలవు. ఒక్కొక్క రూపము వైరసులోని ఒక్కొక్క ముక్కను పట్టగలదు. ఒకరి చేతికి చక్కగా దొరికిన ముక్క మరియొకరి చేతికి జారిపోవచ్చును. ఒకే వైరసు ఇద్దరిపై రెండు విధములుగ పనిచేయుటకు ఇది ఒక ముఖ్య కారణము.

సగము తల్లిది, సగము తండ్రిది

ప్రతి బిడ్డకును ఈ జన్యువులలో సగము తల్లినుండియు, సగము తండ్రినుండియు వచ్చును. తల్లికి రెండు వరుసలుండగా అందులో ఒకటి బిడ్డకు వచ్చును. తండ్రికున్న రెండు వరుసలలో ఒకటి వచ్చును. ఏది వచ్చునో నిర్ణయించుట ఎవరి చేతిలోను లేదు. ఇందువలననే అన్నదమ్ములలో ఇద్దరికి ఈ జన్యువులు పూర్తిగ కలియుట నాలుగింట ఒక పాలు మాత్రమే. నాలుగింట రెండు పాళ్ళు సగము కలియును. మిగిలిన ఒక పాలు ఏమియు కలియవు. ఒక తల్లి బిడ్డలలో పెద్దవాని రక్షణశక్తి ఒక విధముగను, చిన్నవాని రక్షణశక్తి మరియొక విధముగను ఉండుటకు ఇదియే మూలము.

బిడ్డ తల్లిని ఎల్లప్పుడు సగమైనను పోలియుండును. తండ్రినుండి వచ్చిన సగము కూడ తల్లి జన్యువులవంటిదే యైనచో ఆ పోలిక మరింత పెరుగును. తల్లిదండ్రులిద్దరు దగ్గరి బంధువులైనచో ఇట్టి పోలికకు అవకాశము హెచ్చు. మన ప్రాంతమున మేనరికపు వివాహములు చాలకాలమునుండి ఉన్నవి గనుక ఈ విషయము గుర్తుంచుకొనదగినది. అయినను కేవలము దీనినిబట్టి ఏ బిడ్డకు వ్యాధి సోకునో, ఏ బిడ్డకు సోకదో చెప్పుటకు వీలులేదు.

నైరోబిలో తెలిసిన విషయము

ఆఫ్రికా ఖండములోని కెన్యా దేశపు రాజధాని నైరోబిలో హెచ్.ఐ.వి. సోకిన తల్లులను, వారి బిడ్డలను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు గమనించిరి. 1998లో ప్రకటింపబడిన ఫలితము వినువారికి వింతగా తోచును. తల్లికిని బిడ్డకును హెచ్.ఎల్.ఎ. ఎంత ఎక్కువగ కలిసినచో వ్యాధి సోకు ప్రమాదము అంత ఎక్కువగ నుండెను. అనగా ఈ ఒక్క విషయమున తల్లి పోలిక బిడ్డకు మేలు చేయలేదు. తల్లితో కలియని జన్యువులే బిడ్డకు మేలు చేసినవి.

శాస్త్రజ్ఞులు దీనికి రెండు కారణములు చెప్పుదురు. తల్లి కణమునుండి బయటికి వచ్చు వైరసు ఆ కణపు పొరనే చుట్టుకొని వచ్చును. ఆ పొరపై తల్లి హెచ్.ఎల్.ఎ. గుర్తులుండును. బిడ్డ గుర్తులు వేరైనచో బిడ్డ శరీరము ఆ వైరసును పరాయి వస్తువుగ గుర్తించుటకు అవకాశము కలదు. గుర్తులు ఒకటే యైనచో అది ఇంటివారి బట్టలు కట్టుకొని వచ్చిన దొంగవంటిది.

రెండవ కారణము ఇంతకంటె బలమైనది. హెచ్.ఐ.వి. మిక్కిలి త్వరగా మారు వైరసు. తల్లి శరీరములో ఏండ్ల తరబడి యుండి, ఆమె కావలివారు పట్టుకొను ముక్కలను మార్చుకొని, వారికి దొరకని రూపమును పొందును. ఇట్లు ఆరితేరిన వైరసు బిడ్డను చేరును. బిడ్డకు కూడ తల్లివంటి కావలివారే యున్నచో వారు మొదటినుండియు మోసపోవుదురు. తండ్రినుండి వచ్చిన కొత్త కావలివారున్నచో వైరసుకు వారి మర్మము తెలియదు.

హెచ్.ఎల్.ఎ.లో బి-27 అను రూపము దీనికి మంచి ఉదాహరణము. ఈ రూపమున్న పెద్దలు హెచ్.ఐ.వి. సోకినను చాల సంవత్సరములు దానిని అణచియుంచగలరు. కాని తల్లి శరీరములో వైరసు ఈ కావలిని తప్పించుకొను రూపమును పొందిన తరువాత బిడ్డకు సోకినచో, అదే బి-27 పొందిన బిడ్డకు దానివలన కలుగవలసిన ఉపయోగము కలుగదు. ఈ విషయము 2001లో ప్రకటింపబడినది. తల్లికి కవచమైనదే బిడ్డకు పనికిరాకపోయినది.

ద్వారము లేని కణములు

మరియొక జన్యువు కథ కూడ తెలిసికొనదగినది. హెచ్.ఐ.వి. తెల్లకణములోనికి ప్రవేశించుటకు రెండు గొళ్ళెములు తీయవలెను. అందొకటి సి.సి.ఆర్.-5. దీనిని నిర్మించు జన్యువులో 32 అక్షరములవంటి భాగములు లోపించిన రూపమొకటి కలదని 1996లో తెలిసినది. తండ్రినుండియు తల్లినుండియు ఈ లోపించిన రూపమునే పొందినవారి కణములకు ఆ గొళ్ళెమే యుండదు. కావున సాధారణముగ వ్యాపించు హెచ్.ఐ.వి. వారి కణములలో ప్రవేశించుట దాదాపు అసాధ్యము.

ఉత్తర ఐరోపా ప్రజలలో నూటికి సుమారు ఒకరికి ఇట్లు రెండువైపులనుండి ఈ రూపము వచ్చును. భారతదేశమునను, ఆఫ్రికాలోను ఇది మిక్కిలి అరుదు. కావున మన గ్రామములలో ఏ కుటుంబమైనను ఈ రక్షణను నమ్ముకొనుటకు వీలులేదు. జన్యువుల విషయమున ఒక దేశములో కనుగొన్న సంగతి మరియొక దేశమునకు అట్లే వర్తింపదని కూడ దీనివలన గ్రహింపవలెను.

జన్యువులే సర్వస్వము కావు

జన్యువులు రక్షణలో ఒక భాగము మాత్రమే. హెచ్.ఐ.వి. సోకిన తల్లులకు పుట్టిన కవలలను గూర్చి 1991లో ప్రకటింపబడిన పరిశోధనలో, మొదట పుట్టిన బిడ్డకు రెండవ బిడ్డకంటె ఎక్కువగ వ్యాధి సోకినట్లు తేలినది. ఇద్దరును ఒకే గర్భములో పెరిగినవారే. ప్రసవ మార్గములో ముందు వచ్చిన బిడ్డకు స్రావములు ఎక్కువగ తగులుటయే దీనికి ముఖ్య కారణమని భావించిరి. తల్లికి వ్యాధి సోకిన కాలమును కూడ గమనింపవలెను. గర్భిణిగ నున్నప్పుడు గాని, పాలిచ్చునప్పుడు గాని కొత్తగా వ్యాధి సోకినచో ఆమె రక్తములో వైరసు ఒక్కుమ్మడిగ పెరుగును. బిడ్డకు ప్రమాదము చాల హెచ్చగును. కావున భర్తకు కూడ పరీక్ష చేయించుట అవసరము.

బిడ్డ హెచ్.ఎల్.ఎ. చూచి, ఈ బిడ్డకు మందు అక్కరలేదని చెప్పగల వైద్యుడు లోకములో లేడు. జన్యువుల రక్షణ కొందరికి దొరకును, కొందరికి దొరకదు. ఎవరికి దొరకినదో ముందుగ తెలియదు. మందు ఇచ్చు రక్షణ అట్టిది కాదు. అది అందరికిని అందజేయదగినది.

మందు చేయు మేలు

1994లో అమెరికా, ఫ్రాన్సు దేశములలో జరిగిన పరిశోధన ఈ విషయమున మొదటి మలుపు. జిడోవుడిన్ అను మందును గర్భిణులకును, పుట్టిన బిడ్డలకును ఇచ్చిరి. మందు లేని తల్లుల బిడ్డలలో నూటికి సుమారు 25 మందికి వ్యాధి సోకగా, మందు పొందినవారిలో నూటికి సుమారు 8 మందికి మాత్రమే సోకెను. నేడు అనేక మందులను కలిపి ఇచ్చుచున్నారు. తల్లి సకాలములో ప్రారంభించి, మానకుండ వాడినచో బిడ్డకు సోకు ప్రమాదము నూటికి రెండుకంటె తక్కువకు దిగును.

మన దేశమున ఈ మందులను ప్రభుత్వము ఉచితముగ ఇచ్చుట 2004 ఏప్రిల్ 1వ తేదీన ప్రారంభమైనది. వ్యాధి హెచ్చుగానున్న ఆరు రాష్ట్రములలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2014 జనవరినుండి, వ్యాధి సోకిన ప్రతి గర్భిణికిని జీవితాంతము మందులిచ్చు విధానము దేశమంతట అమలులోనికి వచ్చినది. 2021 అంచనాల ప్రకారము దేశములో వయోజనులలో పదివేలమందికి 21 మందికి హెచ్.ఐ.వి. కలదు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఈ సంఖ్య జాతీయ సగటుకంటె ఎక్కువే. కావున ఇది మనకు దూరమైన విషయము కాదు.

పాల విషయమున ఒక హెచ్చరిక అవసరము. మందు వాడుచున్న తల్లి మొదటి ఆరు నెలలు బిడ్డకు తన పాలు మాత్రమే ఇవ్వవచ్చును. పుట్టిన బిడ్డకు తేనె, చక్కెర నీరు, ఆముదము, గాడిదపాలు నాకించు ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. ఇవి ఏ బిడ్డకును మంచివి కావు. వ్యాధి సోకిన తల్లి బిడ్డకు మరింత హానికరము. తల్లిపాలతో పాటు ఇతర ఆహారము ఇచ్చినచో లేతప్రేగుల పొర దెబ్బతిని వైరసుకు దారి దొరకునని భావించుచున్నారు. తల్లిపాలు మాత్రమే త్రాగిన బిడ్డలకంటె, రెండును కలిపి త్రాగిన బిడ్డలకు వ్యాధి ఎక్కువగ సోకినదని దక్షిణాఫ్రికాలోని డర్బనులో జరిగిన పరిశోధన 1999లో తెలిపినది.

బిడ్డ పరీక్షను గూర్చియు ఒక మాట. తల్లి రక్తములోని ప్రతిరక్షకములు మాయ ద్వారా బిడ్డకు చేరి చాల నెలలు నిలుచును. కావున ప్రతిరక్షకములను చూచు మామూలు పరీక్షలో ఆరోగ్యవంతుడైన బిడ్డకు కూడ వ్యాధి యున్నట్లు కనబడవచ్చును. వైరసునే వెదకు పరీక్షను ఆరవ వారమున చేయుదురు. పదునెనిమిది నెలలకు తుది నిర్ణయము తెలియును. ఈలోగా ఎవరును ఆ బిడ్డకు వ్యాధి కలదని ముద్ర వేయరాదు.

కాలేయమును పట్టు మరియొక వైరసు

హెపటైటిస్-బి వైరసు కూడ ఇట్లే తల్లినుండి కాన్పు సమయమున బిడ్డకు సోకును. పెద్దవారికి సోకినచో చాలమంది కోలుకొందురు. అప్పుడే పుట్టిన బిడ్డకు సోకినచో నూటికి 90 మందిలో అది జీవితాంతము నిలిచిపోవును. పెద్దయైన పిమ్మట కాలేయము గట్టిపడుటకును, కాన్సరుకును దారితీయవచ్చును. దీనిలోను జన్యువుల పాత్ర కలదు. హెచ్.ఎల్.ఎ.లోని డి.పి. అను భాగములోని భేదములకును, ఈ వ్యాధి నిలిచిపోవుటకును సంబంధమున్నదని 2009లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాని రక్షణోపాయము సులభము. పుట్టిన 24 గంటలలోపల బిడ్డకు మొదటి టీకా వేయించవలెను. కాన్పు ఆసుపత్రిలో జరిగినచో ఇది జరుగుటకు అవకాశము హెచ్చు. ఇంటివద్ద జరిగినచో ఆ గడువు దాటిపోవు ప్రమాదము కలదు.

పంచాయతి కర్తవ్యము

73వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము పంచాయతులకు అప్పగింపదగిన విషయములుగ పేర్కొనబడినవి. కావున సభ్యులు ఈ క్రింది పనులపై దృష్టి నిలుపవలెను.

మొదటిది: గ్రామములోని ప్రతి గర్భిణియు మొదటి మూడు నెలలలోనే ఆరోగ్య కార్యకర్తవద్ద పేరు నమోదు చేయించుకొనునట్లు చూడవలెను. హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, సిఫిలిసు పరీక్షలు మొదటి రాకలోనే జరుగవలెను. పుట్టింటికి కాన్పుకు వచ్చిన ఆడబిడ్డలను మరువరాదు. అత్తవారి ఊరిలోను, పుట్టిన ఊరిలోను లెక్కకు రాక జారిపోవువారు వీరే.

రెండవది: ప్రతి కాన్పు ఆసుపత్రిలో జరుగుటకు తగిన ప్రయాణ సౌకర్యము ముందుగానే ఏర్పాటు చేయవలెను. వానకాలమున వాగులు పొంగు గ్రామములలో కాన్పు తేదీకి ముందే గర్భిణిని తరలించుట మేలు.

మూడవది: పరీక్షా ఫలితమును రహస్యముగ నుంచవలెను. వ్యాధి యున్నవారి పేర్ల జాబితా పంచాయతికి అక్కరలేదు, అడుగరాదు. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి సమ్మతి లేక వెల్లడింపరాదు. పాఠశాలలో, ఉద్యోగములో, వైద్యములో, ఇల్లు అద్దెకిచ్చుటలో భేదభావము చూపుటను కూడ ఆ చట్టము నిషేధించినది. అంగన్‌వాడిలో ఒక బిడ్డను వేరుగ కూర్చుండబెట్టినను, ఒక కుటుంబమును కుళాయివద్దకు రానీయకున్నను సభ్యులు వెంటనే కలుగజేసికొనవలెను. నీటివలనగాని, కలిసి తినుటవలనగాని, తాకుటవలనగాని ఈ వ్యాధి సోకదు.

నాలుగవది: తల్లిని నిందించు మాటను గ్రామములో నిలువనీయరాదు. అనేక కుటుంబములలో వ్యాధి భర్తనుండియే భార్యకు వచ్చుచున్నది. బిడ్డకు సోకుటయు సోకకుండుటయు, మందు లేనిచోట, కొంత జన్యువుల కలయికపైనను, కొంత కాన్పు తీరుపైనను ఆధారపడును. ఏ తల్లియు తన బిడ్డకు ఏ వరుస జన్యువు ఇవ్వవలెనో ఎన్నుకొనలేదు. నిందకు భయపడిన తల్లి పరీక్షకు రాదు. పరీక్షకు రాని తల్లికి మందు అందదు. మందు అందని తల్లి బిడ్డ అదృష్టముపై ఆధారపడవలసి వచ్చును. కావున నింద మాన్పుట కూడ వైద్యములో భాగమే.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. గడచిన ఆరు నెలలలో మన గ్రామమున జరిగిన కాన్పులలో ఎన్ని ఆసుపత్రిలో జరిగినవి? ఇంటివద్ద జరిగినవాటికి కారణమేమి?

2. పుట్టింటికి వచ్చిన గర్భిణుల నమోదుకు ఎవరు బాధ్యత వహించుచున్నారు?

3. నెలనెలా జరుగు ఆరోగ్య పోషణ దినమున గర్భిణుల భర్తలు కూడ పరీక్షకు వచ్చుటకు ఏమి చేయవచ్చును?

4. పుట్టిన బిడ్డకు 24 గంటలలో హెపటైటిస్-బి టీకా వేసినట్లు ఎవరు సరిచూచుచున్నారు?

5. వ్యాధి యున్న కుటుంబమునకు అవమానము జరిగినచో మన పంచాయతి మొదటి రోజుననే తీసికొనవలసిన చర్య ఏది?